రికర్సివ్ ఫంక్షన్ రాసేటప్పుడు క్లాస్ ఎప్పుడు కావాలి?

రికర్షన్, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, నేర్పే పాఠాలు చాలావరకు ఫాక్టోరియల్‌తో మొదలై ఫిబొనాచ్చి దగ్గర ఆగిపోతాయి. రెండూ ఒక సంఖ్య తీసుకుని ఒక సంఖ్య తిరిగి ఇచ్చే ఫంక్షన్లే కాబట్టి అక్కడ క్లాస్ (డేటానీ, దాని మీద పనిచేసే ఫంక్షన్లనీ అంటే మెథడ్లనీ ఒకచోట పెట్టే నమూనా; దాని నుంచి తయారయ్యేది ఆబ్జెక్ట్) అవసరం ఎవరికీ కనపడదు, నిజానికి అక్కడ అవసరం లేదు కూడా. కానీ పనిలో ఎదురయ్యే రికర్షన్ అలా ఉండదు. గ్రాఫ్‌లో, అంటే గీతలతో కలిపిన బిందువుల (నోడ్ల) వలలో, తిరుగుతూ ఇప్పటికే చూసిన నోడ్లు గుర్తుపెట్టుకోవాలి, దొరికిన జవాబులు ఎక్కడో పోగుచేయాలి, ఎన్ని పిలుపులు జరిగాయో లెక్క కావాలి, చాలు అనుకున్నప్పుడు మధ్యలో ఆపడానికి ఒక గుర్తు ఉండాలి. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గరే కోడ్ చిక్కుపడటం మొదలవుతుంది. నాకు తెలిసినంతలో ఆ ప్రశ్నకి మంచి జవాబు క్లాస్.

ఫాక్టోరియల్‌కి మాత్రం క్లాస్ రాయకండి. జావాలో ఫంక్షన్లు మామూలుగా ఏదో ఒక క్లాస్ లోపలే ఉంటాయి కాబట్టి అక్కడ క్లాస్ కనిపిస్తుంది, అయినా స్టాటిక్ మెథడ్‌గా రాస్తే సరిపోతుంది, ఆబ్జెక్ట్ తయారుచేయాల్సిన పని లేదు. పైథాన్‌లోనో సీ ప్లస్ ప్లస్‌లోనో అయితే మామూలు ఫంక్షనే శుభ్రంగా ఉంటుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలో రాస్తున్నాం కదా అని ప్రతిదాన్నీ క్లాస్‌లో పెట్టేయడం నాకు అసలు నచ్చదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమైనా ఉంటేనే ఆబ్జెక్ట్ కావాలి.

రికర్షన్ లోపల ఏం జరుగుతుందో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ కాల్ స్టాక్ (ఇంకా ముగియని పిలుపుల దొంతర) మీద ఒక ఫ్రేమ్ వచ్చి చేరుతుంది. ఆ పిలుపుకి ఇచ్చిన పారామీటర్లు, దాని లోకల్ వేరియబుల్స్, పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలి అన్న అడ్రస్ అందులో ఉంటాయి. ఫంక్షన్ తనను తానే పిలుచుకున్నా ఒక పిలుపులోని ‘ఎన్’ ఇంకో పిలుపులోని ‘ఎన్’తో కలిసిపోదు, ఎవరి ఫ్రేమ్ వాళ్ళది. పిలుపు ముగియగానే ఫ్రేమ్ పోతుంది, అందులో ఉన్నదంతా దానితోపాటే పోతుంది. రికర్షన్ బలం ఇదే, ఇబ్బంది కూడా ఇక్కడే: ఏ ఒక్క పిలుపుకీ చెందకుండా, మొత్తం లెక్కకి చెందిన సమాచారం ఉంటుంది చూడండి, దానికి ఫ్రేమ్‌లో సహజమైన చోటు లేదు.

ఎన్ క్వీన్స్ సమస్య తీసుకుందాం. 8 గళ్ళు, 8 వరుసల చదరంగం బోర్డు మీద 8 క్వీన్లని ఒకదాన్నొకటి కొట్టుకోకుండా పెట్టాలి. జవాబులు 92 ఉన్నాయి. మామూలుగా రాసేది ఇలా: ఒక్కో వరుసలో ఒక్కో క్వీన్ పెడుతూ కిందికి వెళ్తాం, ఒక గడిలో పెట్టేముందు ఆ నిలువు వరుస ఖాళీగా ఉందా, రెండు ఐమూలలూ ఖాళీగా ఉన్నాయా చూస్తాం. ఐమూలలకి బోర్డంతా వెతకాల్సిన పని లేదు, ఒక దిశలో ఉన్న ఐమూల గళ్ళన్నిటికీ వరుస, నిలువు వరుసల మొత్తం ఒకటే, రెండో దిశలో వాటి తేడా ఒకటే. కాబట్టి మూడు సెట్లు చాలు: వాడేసిన నిలువు వరుసలు, వాడేసిన మొత్తాలు, వాడేసిన తేడాలు.

ఇప్పుడు దీన్ని ఒక్క ఫంక్షన్‌గా రాస్తే దానికి ఏమేం ఇవ్వాలో లెక్కపెట్టండి. బోర్డు సైజు, ఇప్పుడున్న వరుస, మూడు సెట్లు, ఇప్పటిదాకా పెట్టిన క్వీన్ల లిస్ట్, జవాబులు పోగుచేసే లిస్ట్. మొత్తం 7 పారామీటర్లు, వాటిలో ఒక పిలుపు నుంచి ఇంకో పిలుపుకి నిజంగా కొత్త విలువతో వెళ్ళేది ఒక్కటే: వరుస. మిగతా ఆరూ ఊరికే చేతులు మారుతుంటాయి. చదివేవాళ్ళకి ఏది ముఖ్యమో తెలియదు, మీరే ఆరు నెలల తర్వాత వచ్చి చూసినా ఏ సెట్ ఏ స్థానంలో ఇస్తున్నారో వేలు పెట్టి చూసుకోవాల్సి వస్తుంది.

ఈ ఆరింటినీ వదిలించుకోవడానికి చాలామంది వెంటనే పట్టుకునేది గ్లోబల్ వేరియబుల్. ఒక్కసారి నడిపి చూసినంతవరకు బాగానే ఉంటుంది, రెండోసారి పిలిస్తే పాత జవాబుల మీద కొత్తవి వచ్చి చేరతాయి. పైథాన్‌లో ఇంకో దారి కూడా కనిపిస్తుంది, ఫలితాల పారామీటర్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ పెట్టడం. అది ఇంకా మోసం, ఎందుకంటే ఆ ఖాళీ లిస్ట్ ఫంక్షన్ని నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. అంటే చూడటానికి లోకల్‌లా ఉంటుంది, ప్రవర్తన మాత్రం గ్లోబల్‌ది. ఇలాంటి బగ్ టెస్టుల్లో దొరకదు, టెస్ట్ ఒక్కసారే పిలుస్తుంది కాబట్టి.

క్లాస్‌తో రాస్తే కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్) బోర్డు సైజు తీసుకుంటుంది. మూడు సెట్లు, ప్రస్తుతం పెట్టిన క్వీన్ల లిస్ట్, జవాబుల లిస్ట్ ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. బయటివాళ్ళు పిలిచే మెథడ్ ఒకటి, దాని పేరు సాధించు అనుకుందాం. అది అన్నిటినీ ఖాళీ చేసి, లోపలి మెథడ్‌ని పెట్టు(0) అని పిలిచి, చివర్లో జవాబులు ఇస్తుంది. రికర్షన్ అంతా పెట్టు(వరుస) లోపలే. వరుస బోర్డు సైజుకి చేరితే ప్రస్తుత లిస్ట్‌ని కాపీ చేసి జవాబుల్లో చేరుస్తుంది, లేకపోతే ఆ వరుసలోని ఒక్కో గడినీ చూసి, ఖాళీ అయితే సెట్లలో గుర్తులు పెట్టి, పెట్టు(వరుస + 1) అని తననే పిలుచుకుని, తిరిగి వచ్చాక ఆ గుర్తులు తీసేస్తుంది. ఏడు పారామీటర్ల చోట ఒక్కటి మిగిలింది, ఆ ఒక్కటే ఈ రికర్షన్ దేని మీద నడుస్తుందో చెబుతుంది. మెథడ్ మొదటి లైన్ చదివితేనే సమస్య ఆకారం తెలిసిపోవడం నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి.

‘కాపీ చేసి’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ప్రస్తుత లిస్ట్ ఆబ్జెక్ట్‌లో ఉన్నది ఒకటే లిస్ట్, అన్ని పిలుపులూ దాన్నే మారుస్తుంటాయి. కాపీ చేయకుండా అలాగే జవాబుల్లో చేర్చితే 92 జవాబుల చోట ఒకే లిస్ట్‌కి 92 రెఫరెన్సులు చేరతాయి, వెనక్కి వస్తూ వస్తూ దాన్ని ఖాళీ చేస్తాం కాబట్టి చివరికి 92 ఖాళీ లిస్టులు కనిపిస్తాయి. అలాగే పెట్టిన గుర్తు తీయడం ఒక్కచోట వదిలేసినా జవాబులు తగ్గిపోతాయి, ప్రోగ్రామ్ మాత్రం ఎక్కడా ఎర్రర్ చూపించదు. పంచుకునే సమాచారాన్ని ఆబ్జెక్ట్‌లో పెట్టడానికి మనం చెల్లించే ధర ఇది. పారామీటర్లుగా ఎప్పటికప్పుడు కొత్త సెట్ తయారుచేసి పంపితే ఈ గొడవ ఉండదు, తీసేయాల్సిందే ఉండదు, కానీ ప్రతి అడుగులోనూ కాపీ ఖర్చు ఉంటుంది. చిన్న సమస్యలకి ఆ పద్ధతి నిజంగా మంచిది, దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు.

ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాసి, బయటి ఫంక్షన్ వేరియబుల్స్‌ని లోపలిది వాడుకునే క్లోజర్ పద్ధతి కూడా ఉంది కదా అని అడగొచ్చు. ఉంది, ఇరవై ముప్పై లైన్ల పనికి నేను కూడా అదే వాడతాను. పైథాన్ 3లో నాన్‌లోకల్ అన్న కీవర్డ్ వచ్చాక బయటి కౌంటర్‌ని లోపలి నుంచి మార్చడం కూడా సులువైంది. క్లోజర్‌తో కష్టం ఎక్కడంటే, లోపలి ఫంక్షన్‌ని విడిగా టెస్ట్ చేయలేం, లెక్క మధ్యలో ఆ వేరియబుల్స్ బయటి నుంచి చూడలేం, కొంచెం మార్చిన ఇంకో రకం కావాలంటే మొత్తం కాపీ చేయాలి. సీ ప్లస్ ప్లస్‌లో అయితే లాంబ్డా (పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్) తనను తాను పిలుచుకోవడమే చాలాకాలం కుదరలేదు, ఏదో ఒక చుట్టుదారి వెతకాల్సి వచ్చేది. సీ ప్లస్ ప్లస్ 23లో వచ్చిన మార్పుతో అది నేరుగా సాధ్యమైంది. కుండలీకరణాల ఆపరేటర్‌ని నిర్వచించిన చిన్న క్లాస్ మాత్రం మొదటి నుంచీ పనిచేస్తూనే ఉంది. పైథాన్‌లో కూడా కాల్ అనే ప్రత్యేక మెథడ్ రాస్తే ఆబ్జెక్ట్‌ని ఫంక్షన్‌లాగే పిలవొచ్చు, వాడేవాళ్ళకి అది క్లాసో ఫంక్షనో తెలియనవసరం లేదు.

ఒకటి కాదు, రెండు మూడు ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే రికర్షన్‌లో క్లాస్ ఇంకా బాగా కుదురుతుంది. 2 * (3 + 4) లాంటి దాన్ని చదివి విలువ కట్టే పార్సర్ రాయాలనుకోండి. కూడికలు, తీసివేతలు చూసే మెథడ్ గుణకారాలు చూసే మెథడ్‌ని పిలుస్తుంది, అది ఒక్క సంఖ్యని గానీ బ్రాకెట్‌ని గానీ చదివే మెథడ్‌ని పిలుస్తుంది, బ్రాకెట్ కనిపిస్తే ఆ మూడోది మళ్ళీ మొదటిదాన్ని పిలుస్తుంది. గుణకారం కూడిక కన్నా ముందు జరగాలన్న నియమం ఎక్కడా విడిగా రాయక్కర్లేదు, ఎవరు ఎవర్ని పిలుస్తున్నారు అన్న వరుసలోనే అది ఇమిడిపోతుంది. ఈ మూడింటికీ ఉమ్మడిగా కావాల్సింది ఒక్కటే: ఇప్పటిదాకా ఎక్కడివరకు చదివాం అన్న స్థానం. క్లాస్ లేకపోతే ప్రతి ఫంక్షనూ విలువతో పాటు కొత్త స్థానాన్ని కూడా తిరిగి ఇవ్వాలి, పిలిచినవాళ్ళు దాన్ని జాగ్రత్తగా పట్టుకుని తర్వాతి పిలుపుకి అందించాలి, ఒక్కచోట పాత స్థానం అందించినా పార్సర్ ఒకే ముక్కని రెండుసార్లు చదువుతుంది. ఆబ్జెక్ట్‌లో స్థానం ఒక ఫీల్డ్‌గా ఉంటే ఈ టెన్షన్ మొత్తం పోతుంది. క్లాంగ్ కంపైలర్‌లో సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని చదివేది పార్సర్ అనే క్లాసే, లోపల రికర్సివ్ మెథడ్లే. కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జన్ 1972లో ప్రచురించిన గ్రాఫ్ అల్గారిథమ్ కూడా ఇలాంటిదే. కౌంటర్, స్టాక్, ప్రతి నోడ్‌కీ రెండు నంబర్లు, ఇవన్నీ మొత్తం నడకకి చెందినవి. దాన్ని క్లాస్‌గా రాసింది, ఫంక్షన్‌గా రాసింది పక్కపక్కన పెట్టి చూడండి.

ఇప్పటిదాకా చెప్పిందంతా పారామీటర్లు తగ్గించడం గురించే. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ రికర్షన్‌లో మామూలు ఫంక్షన్‌కి లేని గుణం ఇంకొకటి ఉంది, దాన్ని ఓపెన్ రికర్షన్ అంటారు. మెథడ్ తనను తాను పిలుచుకునేటప్పుడు నేరుగా తన కోడ్‌కి వెళ్ళదు, ‘ఈ ఆబ్జెక్ట్‌కి ఈ పేరుతో ఉన్న మెథడ్ ఏది’ అని అడిగి దాని దగ్గరికి వెళ్తుంది. సబ్‌క్లాస్ (ఈ క్లాస్ మీద ఆధారపడి రాసిన పిల్ల క్లాస్) ఆ మెథడ్‌ని మార్చి రాసి ఉంటే, తల్లి క్లాస్‌లోని రికర్షన్ మధ్యలో ఉన్న పిలుపు కూడా సబ్‌క్లాస్ దగ్గరికే వస్తుంది.

ఫిబొనాచ్చితోనే చూద్దాం, ఇక్కడ అది పనికొస్తుంది. మామూలు రికర్షన్‌తో 30వ ఫిబొనాచ్చి సంఖ్య 832040 కావాలంటే 26,92,537 పిలుపులు జరుగుతాయి, 40వదానికి 33 కోట్లు దాటుతాయి, ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ చేస్తుంది కాబట్టి. ఇప్పుడు ఫిబ్ అనే మెథడ్ ఉన్న క్లాస్‌ని ముట్టుకోకుండా ఒక సబ్‌క్లాస్ రాయండి. అందులో ఒక డిక్షనరీ, ఫిబ్ మెథడ్ మళ్ళీ నిర్వచనం: అడిగిన సంఖ్య డిక్షనరీలో ఉంటే అదే ఇవ్వడం, లేకపోతే తల్లి క్లాస్ ఫిబ్‌ని పిలిచి వచ్చిన జవాబుని రాసుకుని ఇవ్వడం. అంతే. తల్లి క్లాస్ లోపల ఎన్ - 1కీ ఎన్ - 2కీ జరిగే పిలుపులు రెండూ సబ్‌క్లాస్ గుండానే వెళ్తాయి, కాబట్టి ప్రతి సంఖ్యా ఒక్కసారే లెక్క అవుతుంది. 100వ సంఖ్య 354224848179261915075 చిటికెలో వస్తుంది. మామూలు ఫంక్షన్‌ని బయటి నుంచి ఇంకో ఫంక్షన్‌తో చుడితే ఈ ఫలితం రాదు, లోపలి పిలుపులు పాత ఫంక్షన్‌కే వెళ్తాయి కాబట్టి బయటి చుట్టు ఒక్కసారే పనిచేస్తుంది. పైథాన్‌లో డెకరేటర్‌తో (ఫంక్షన్‌ని చుట్టి కొత్త ఫంక్షన్‌గా మార్చేది) వస్తుంది కదా అంటే, డెకరేటర్ ఆ పేరునే కొత్త ఫంక్షన్‌కి కట్టేస్తుంది, రికర్షన్ ప్రతిసారీ పేరుతో వెతుక్కుంటుంది కాబట్టి వస్తుంది. అక్కడా సూత్రం ఇదే, పిలుపు ఎవరికి వెళ్ళాలో చివరి క్షణంలో తేలడం.

ఇది అన్నిచోట్లా దానంతట అదే దొరకదు. సీ ప్లస్ ప్లస్‌లో మెథడ్ ముందు వర్చువల్ అని లేకపోతే తల్లి క్లాస్ పిలుపు తల్లి క్లాస్‌లోనే ఉండిపోతుంది. జావాలో ప్రైవేట్ మెథడ్‌ని సబ్‌క్లాస్ మార్చలేదు. పైథాన్‌లో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెడితే క్లాస్ పేరు దానికి అతుక్కుని వేరే పేరుగా మారిపోతుంది, సబ్‌క్లాస్‌లో అలాగే రాసినా అది ఇంకో మెథడ్ అవుతుంది. పైథాన్‌లో ఇంకో సంగతి, లైబ్రరీలో ఉన్న, పాత జవాబులు దాచుకునే ఎల్ఆర్‌యూ క్యాష్ డెకరేటర్‌ని మెథడ్ మీద పెడితే ఆబ్జెక్ట్ కూడా ఆ క్యాష్ కీలో భాగమై, మీరు వదిలేసినా మెమరీలోంచి పోకుండా ఉండిపోతుంది. జవాబుల డిక్షనరీ ఆబ్జెక్ట్‌లోనే ఉంటే ఆబ్జెక్ట్‌తో పాటే పోతుంది, నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఓపెన్ రికర్షన్ రెండువైపులా పదునున్నదే. ఎవరైనా మీ క్లాస్‌ని తీసుకుని, ‘ఫిబ్‌ని ఎవరు ఎప్పుడు అడిగారో లాగ్‌లో రాద్దాం’ అని ఆ మెథడ్‌ని మార్చారనుకోండి. ఫిబ్(10) ఒక్కసారి అడిగితే లాగ్‌లో 177 లైన్లు పడతాయి. తప్పు వాళ్ళది కాదు, బయటివాళ్ళు పిలిచేదీ లోపల రికర్షన్ వాడేదీ ఒకే మెథడ్ కావడం వల్ల వచ్చింది. అందుకే క్వీన్స్‌లో చేసినట్టు బయటి మెథడ్, లోపలి మెథడ్ వేరుగా ఉండాలని నేను పట్టుపడతాను. సబ్‌క్లాస్ మార్చడానికి వీలున్నది ఏది, వీలులేనిది ఏది అని క్లాస్ రాసేవాళ్ళే తేల్చి చెప్పాలి.

డేటాయే రికర్సివ్‌గా ఉంటే, ఫోల్డర్లలో ఫోల్డర్లలా, ఇంకో అందమైన పద్ధతి ఉంది. ఫైల్ ఒక క్లాస్, ఫోల్డర్ ఒక క్లాస్, రెండింటికీ సైజు అనే మెథడ్. ఫైల్ తన సైజు చెబుతుంది. ఫోల్డర్ తన లోపలున్న ప్రతిదాన్నీ నీ సైజెంత అని అడిగి కూడి చెబుతుంది. లోపల ఉన్నది ఫైలో ఫోల్డరో అది పట్టించుకోదు. ఇక్కడ బేస్ కేస్ (రికర్షన్ ఆగే చోటు) కోసం ‘ఇలా అయితే ఆగు’ అన్న షరతు ఎక్కడా కనిపించదు, ఫైల్ క్లాసే బేస్ కేస్. దీన్ని కాంపోజిట్ ప్యాటర్న్ అంటారు. కొత్త రకం వస్తువు వస్తే కొత్త క్లాస్ చేరుస్తాం, పాత కోడ్ కదలదు. దానికి బదులు కొత్త పనులు తరచూ వస్తుంటే మాత్రం ప్రతి క్లాస్‌లోనూ ఒక మెథడ్ చేర్చుకుంటూ పోవాలి, అప్పుడు నడిచే పనిని విడిగా ఒక క్లాస్‌లో పెట్టడమే మేలు. పైథాన్‌లో పైథాన్ కోడ్‌నే చెట్టుగా చదివే ఏఎస్‌టీ మాడ్యూల్‌లోని నోడ్ విజిటర్ అలాంటి క్లాసే. ఏ రకం నోడ్ మీద ఏం చేయాలో ఆ మెథడ్ ఒక్కటి రాస్తాం, మనం మెథడ్ రాయని రకాల నడక అదే చూసుకుంటుంది.

నోడ్లే క్లాసులైనప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది, ‘చూశాను’ అన్న గుర్తుని నోడ్ మీదే ఫీల్డ్‌గా పెట్టడం. దయచేసి అలా చేయకండి. ఆ గుర్తు నోడ్‌ది కాదు, ఆ ఒక్క నడకది. రెండోసారి నడిస్తే అన్నీ చూసేసినట్టే ఉంటాయి, రెండు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే దారులు) ఒకేసారి నడిస్తే ఒకరి గుర్తులు ఇంకొకరికి అడ్డం. ఇంత దూరం వచ్చాక నేను చెప్పదలుచుకున్నది ఇదే: రికర్షన్ రాసే ముందు ప్రతి వేరియబుల్ గురించీ ఇది ఎవరిది అని అడగాలి. ఈ ఒక్క పిలుపుదైతే పారామీటర్, మొత్తం నడకదైతే నడిచే ఆబ్జెక్ట్‌లో ఫీల్డ్, నడక లేకపోయినా నిజమే అయితే డేటా ఆబ్జెక్ట్‌లో ఫీల్డ్. ఫైల్ సైజు ఫైల్‌ది, ఇప్పటిదాకా కూడిన మొత్తం నడకది, ఎంత లోతులో ఉన్నాం అన్నది పిలుపుది. పైథాన్‌లో డీప్‌కాపీ (వస్తువుని లోపలున్నవాటితో సహా కాపీ చేసే ఫంక్షన్) రాసినవాళ్ళు ఇదే విషయాన్ని క్లాస్ లేకుండా చేశారు, ఇప్పటికే కాపీ చేసిన వస్తువుల డిక్షనరీని మెమో అనే పారామీటర్‌గా ప్రతి పిలుపుకీ అందిస్తారు, వస్తువుల మీద ఏ గుర్తూ పెట్టరు. ఎక్కడ పెట్టారన్నది వేరు, ఎవరిది అన్న లెక్క మాత్రం సరిగ్గా ఉంది. ఫోల్డర్ల నడకలో కూడా ఒక లింక్ పై ఫోల్డర్‌కే తిరిగి చూపిస్తే అంతులేని రికర్షన్ అవుతుంది, అందుకే పైథాన్ ఓఎస్ వాక్ ఫంక్షన్ మనం అడిగితే తప్ప లింకుల వెంట వెళ్ళదు. వెళ్ళాలనుకుంటే చూసిన ఫోల్డర్ల సెట్ ఒకటి ఉండాలి, దాని చోటు నడిచే ఆబ్జెక్ట్.

ఇక లోతు గురించి. క్లాస్‌లో రాసినా స్టాక్ స్టాకే, పైథాన్‌లో మామూలుగా 1000 ఫ్రేముల దగ్గర రికర్షన్ ఎర్రర్ వస్తుంది, జావాలో స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్. పైన చెప్పిన ఫిబొనాచ్చి సబ్‌క్లాస్‌లో ఒక్కో మెట్టుకీ రెండు ఫ్రేములు పడతాయి, సబ్‌క్లాస్‌ది ఒకటి, తల్లి క్లాస్‌ది ఒకటి, కాబట్టి పైథాన్‌లో దాదాపు 500 దగ్గరే ఆగిపోతుంది. డిక్షనరీ ఆబ్జెక్ట్‌లో మిగిలి ఉంటుంది కాబట్టి అదే ఆబ్జెక్ట్‌ని ముందు 300, తర్వాత 600, తర్వాత 900 అడిగితే ప్రతిసారీ 300 మెట్లే దిగుతుంది, ఎర్రర్ రాదు. లక్ష నోడ్ల గొలుసు లాంటి డేటాకి మాత్రం ఇలాంటి ఉపాయాలు చాలవు. అప్పుడు ఫ్రేమ్‌నే ఒక చిన్న క్లాస్‌గా రాయాలి: ఏ నోడ్ మీద ఉన్నాం, దాని పిల్లల్లో తర్వాత చూడాల్సింది ఎన్నోది, ఈ రెండు ఫీల్డులు చాలు. వాటిని ఒక లిస్ట్‌లో పెట్టుకుంటూ, తీస్తూ లూప్ నడిపితే రికర్షన్ చేసే పనే జరుగుతుంది, లోతుకి హద్దు మెమరీ ఒక్కటే.

ఫ్రేమ్‌కీ ఆబ్జెక్ట్‌కీ ఉన్న ఈ చుట్టరికం కొత్తది కాదు. నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ కలిసి సిములా 67 భాష తయారుచేసినప్పుడు ఆల్గాల్ 60 అనే పాత భాషలోని బ్లాకుల నుంచే మొదలుపెట్టారు. బ్లాక్ పని ముగిసినా దాని వేరియబుల్స్ పోకుండా బతికి ఉంటే, దాన్ని బయటి నుంచి చేరుకోగలిగితే, అదే ఆబ్జెక్ట్. రికర్షన్‌కి క్లాస్ వాడటం రెండు వేరు లోకాలని బలవంతంగా కలపడం అని అనుకునేవాళ్ళకి ఈ చరిత్ర తెలిస్తే బాగుంటుంది. జావా 7లో, 2011లో, రికర్సివ్ టాస్క్ అనే క్లాసే వచ్చింది. అందులో ఒక్కో పిలుపూ ఒక ఆబ్జెక్ట్, పారామీటర్లు దాని ఫీల్డులు. సగం పనిని ఫోర్క్ చేసి వేరే థ్రెడ్‌కి అప్పగించి, మిగతా సగం తనే కంప్యూట్ మెథడ్‌లో చేసుకుని, జాయిన్‌తో రెండూ కలుపుతుంది. ఒక థ్రెడ్ స్టాక్ మీదున్న ఫ్రేమ్‌ని ఇంకో థ్రెడ్‌కి ఎత్తి ఇవ్వలేం, ఆబ్జెక్ట్ అయితే ఇవ్వగలం. దీనికి వ్యతిరేకంగా, ఉమ్మడి సెట్లున్న క్వీన్స్ ఆబ్జెక్ట్‌ని రెండు థ్రెడ్లకి ఇస్తే జవాబులన్నీ కలగాపులగం అవుతాయి. అక్కడ థ్రెడ్‌కి ఒక ఆబ్జెక్ట్ తయారుచేసి, మొదటి వరుసలోని గళ్ళని వాటికి పంచాలి.

ఇలాంటి క్లాస్ రాసినప్పుడల్లా నేను తప్పకుండా పెట్టే టెస్ట్ ఒకటి ఉంది. ఒకే ప్రోగ్రామ్‌లో 6 సైజుకి ఒక ఆబ్జెక్ట్, 8 సైజుకి ఒక ఆబ్జెక్ట్ తయారుచేసి, ముందు 8ని, తర్వాత 6ని, మళ్ళీ 8ని అడుగుతాను. వరుసగా 92, 4, 92 రావాలి. మూడోసారి 184 వస్తే సాధించు మెథడ్ పాత జవాబులు ఖాళీ చేయడం లేదని అర్థం. రెండోది 4 కన్నా ఎక్కువైతే జవాబుల లిస్ట్ ఆబ్జెక్ట్‌లో కాకుండా క్లాస్ మీదే తయారైందేమో చూడాలి, ఎక్కడైనా తక్కువ కనిపిస్తే తీయాల్సిన గుర్తు ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది.